రాష్ట్రేతర తెలుగు పరిశోధకుడు: డాక్టరేటు పట్టమునకు పిదప త్రోవలు

తెలుగు మాతృభాషగా గల కుటుంబములు నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల ఎల్లలకు వెలుపల తరతరములుగా నివసించుచున్నవి. పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలో చేరినది. బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రమున కలిసినది. హోసూరు మద్రాసు రాష్ట్రమునందే నిలిచిపోయినది. యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. షోలాపురమునకు తెలుగు నేతపనివారు జీవనార్థమై తరలి వెళ్లిరి. ఇట్టి తావులయందలి ఇండ్లలో నొక బాలుడు గాని బాలిక గాని తెలుగును ఎం.ఏ. వరకు చదివి, ఆపై పరిశోధనకు పూనుకొనుట అరుదైన విషయము. అది ఇంటివారికి గర్వకారణము; దానితోపాటు కలత కూడ. “ఈ చదువు ముగిసిన పిమ్మట ఏమి?” అని పెద్దలు అడుగుదురు. భాషాభిమానము లేక వారట్లు అడుగుట లేదు. పరిశోధన సాగు కాలము ఇరువది మూడేండ్ల ప్రాయము మొదలుకొని ముప్పది వరకు. కుటుంబజీవనమునకు పునాది వేసికొనవలసిన కాలమును అదియే. కావున ఆ ప్రశ్నకు సూటియైన సమాధానము చెప్పుట విద్యాధికుల బాధ్యత.

ఈ వ్యాసమున ప్రతిపాదింపబడు విషయము ఒక్కటే. డాక్టరేటు పట్టమును ఒకే యొక ఉద్యోగమునకు మెట్టుగా భావించినవాడు ఆ ఉద్యోగము లభింపనిచో సర్వము కోల్పోయినట్లు కుంగిపోవును. పరిశోధనను కొన్ని పనితనముల సంపాదనముగా గ్రహించి, మొదటి యేటినుండియే విశ్వవిద్యాలయపు త్రోవకును, వెలుపలి త్రోవకును సిద్ధపడినవానికి ఒక ద్వారము మూసికొన్నను వేరొకటి తెరచియుండును. ఎల్లల కావల పెరిగిన విద్యార్థికి ఈ సిద్ధపాటులో ఇతరులకు సులభముగా లభింపని మూలధనము కూడ కలదు. అది రెండు మూడు భాషలతోడి నిత్యపరిచయము.

1. పూర్వుల జీవితములు చెప్పు పాఠము

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా జీవితము ప్రారంభించినారు. పొరుగు కొండలలో నివసించు సవరల భాషను నేర్చి, వారి పిల్లలకు ఆ భాషలో పుస్తకములు వ్రాసి, 1931లో సవరభాషాబోధినిని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించినారు. బోధన వారికి జీవనాధారము. సవరభాష వారి పరిశోధనక్షేత్రము. వారు నివసించిన చోటే వారికి ఆ క్షేత్రమును చూపినది. భాషల కూడలియైన పర్లాకిమిడిలో గాక మరియొక తావున నుండినచో ఆ కృషి జరిగియుండునని చెప్పజాలము.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) 1912 మొదలు 1949 వరకు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించినారు. కన్నడదేశమున నుండియే తెలుగు సాహిత్యవిమర్శకు పేరుగాంచిరి. ప్రాకృతమునుండి గాథాసప్తశతిని తెలుగునకు తెచ్చిరి. ఉద్యోగవిరమణానంతరము తిరుపతి ప్రాచ్యపరిశోధనాసంస్థలో తాళ్లపాక అన్నమాచార్యుల కీర్తనల పరిష్కరణమున కృషిచేసిరి. సాహిత్యముతోపాటు సంగీతమును సాధించియుండుటచేతనే రెండవ జీవితమునకు వంటి ఆ పని వారిని వరించినది. 1974లో వారికి సంగీతకళానిధి బిరుదము లభించెను.

మద్రాసు ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమును ఆశ్రయించి వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చేసిన సాహిత్యసేవ ప్రసిద్ధము. మానవల్లి రామకృష్ణకవిగారు వ్రాతప్రతుల అన్వేషణమున జీవితమును గడపి, నన్నెచోడుని కుమారసంభవమును 1909లో వెలుగులోనికి తెచ్చిరి. తిరుమల రామచంద్రగారు వ్రాతప్రతుల వివరణపట్టికలు సిద్ధపరచు పనిలో అలవరచుకొన్న పాండిత్యమును పత్రికారంగమునకు తీసికొనిపోయి, తెలుగులిపి పుట్టుపూర్వోత్తరములపై 1957లో సామాన్యపాఠకునకు అర్థమగు గ్రంథమును రచించిరి. నిడుదవోలు వేంకటరావుగారు మద్రాసు విశ్వవిద్యాలయమున నుండి, తంజావూరు, మధుర సంస్థానములలో వికసించిన తెలుగు వాఙ్మయచరిత్రను సమకూర్చిరి.

వీరిలో కొందరు ఆచార్యులు, కొందరు బడిపంతుళ్లు, కొందరు గ్రంథాలయసేవకులు, ఒకరు పత్రికారచయిత. వీరందరికిని సమానమైన గుణములు రెండు. ఒకటి, ప్రతివారికిని చేతిలో నొక పనితనము కలదు: లిపి చదువుట, ప్రతులను సరిపోల్చుట, భాషను చెవితో పట్టుట, రాగమును గుర్తించుట. రెండు, తామున్న ఊరిలో లభించు సామగ్రిని వారు చులకన చేయలేదు. నేటి విద్యార్థి అనుసరింపదగినవి ఈ రెండును.

2. విశ్వవిద్యాలయపు త్రోవ: నియమములు, లెక్కలు

పూర్వులకాలమున పాండిత్యమే అర్హత. నేడు అర్హతలు నియమబద్ధములు. వానిని ఎరుగకుండ ఏండ్లు గడపుట ప్రమాదకరము.

విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., పేర నెట్ అను జాతీయార్హతపరీక్ష జరుగుచున్నది. ఇందు తెలుగు ఒక విషయముగా నున్నది. 2024 జూన్ పరీక్షనుండి ఉత్తీర్ణులను మూడు తరగతులుగా విభజించుచున్నారు. మొదటివారికి జె.ఆర్.ఎఫ్. అను పరిశోధనవేతనము, సహాయాచార్యపదవికి అర్హత, పిహెచ్.డి. ప్రవేశార్హత మూడును కలవు. రెండవవారికి సహాయాచార్యార్హత, ప్రవేశార్హత. మూడవవారికి ప్రవేశార్హత మాత్రమే. జె.ఆర్.ఎఫ్.నకు సామాన్యముగా 30 ఏండ్ల వయఃపరిమితి కలదు. స్త్రీలకును, రిజర్వేషను వర్గములవారికిని 5 ఏండ్ల సడలింపు ఉన్నది. సహాయాచార్యార్హతకు మాత్రము వయఃపరిమితి లేదు.

రాష్ట్రములు జరుపు సెట్ పరీక్ష వేరు. దాని అర్హత ఆ రాష్ట్రపు విద్యాసంస్థలకే పరిమితము. నెట్ అర్హత దేశమంతట చెల్లును. ఒక రాష్ట్రమున నివసించుచు మరియొక రాష్ట్రమున ఉద్యోగము కోరవలసివచ్చు తెలుగు విద్యార్థికి ఈ భేదము మిక్కిలి ముఖ్యము. అతడు నెట్‌నే ప్రధానముగా గురిపెట్టుకొనవలెను.

పిహెచ్.డి. లేనిదే విశ్వవిద్యాలయములో సహాయాచార్యపదవి లేదను నియమమును 2018లో ప్రకటించి, 2021లో అమలుపరుపదలచి, పిదప వాయిదావేసిరి. 2023 జూలైలో ఆ నియమమును మార్చి, నెట్ లేక సెట్ అర్హతయే కనీసార్హతయని ప్రకటించిరి. కావున నెట్ ఉత్తీర్ణుడు పిహెచ్.డి. పూర్తికాకముందే దరఖాస్తు పెట్టవచ్చును. “పట్టము చేతికి వచ్చిన పిదప చూతము” అని వేచియుండుట అనవసరము.

ఇక లెక్కలు. జె.ఆర్.ఎఫ్. వేతనము 2023 జనవరి 1వ తేదీనుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాతి కాలమున 42,000 రూపాయలుగా నిర్ణయింపబడినది. మొత్తము ఐదేండ్లు. 2022 నాటి పిహెచ్.డి. నియమావళి ప్రకారము పరిశోధనకు కనీసకాలము మూడేండ్లు, గరిష్ఠకాలము ఆరేండ్లు. పునర్నమోదుచే మరి రెండేండ్లు పొడిగింపవచ్చును. స్త్రీలకును, నలుబది శాతమునకు మించిన వైకల్యము గలవారికిని ఇంకను రెండేండ్లు అదనము. ప్రసూతి, శిశుపాలనల నిమిత్తము స్త్రీలు మొత్తము 240 దినముల వరకు సెలవు పొందవచ్చును.

పై రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. వేతనము ఐదేండ్లకే ఆగిపోవును. నమోదు ఆరేండ్లు, ఎనిమిదేండ్లు నిలిచియుండును. సిద్ధాంతవ్యాసము ఐదవయేట ముగియనిచో విద్యార్థి చేతిలో డబ్బు లేక, పట్టము లేక, మధ్యలో నిలుచును. అనేకుల పరిశోధన ఆగిపోవునది ఇచ్చటనే. కావున నాలుగవయేటి చివరకు వ్యాసపు మొదటి ప్రతి సిద్ధమగునట్లు కాలమును పంచుకొనవలెను.

సహాయాచార్యునకు ఏడవ వేతనసంఘపు లెక్కన ప్రారంభ మూలవేతనము 57,700 రూపాయలు. ఇది గౌరవప్రదమైన జీవనమే. అయితే స్థిరోద్యోగమునకు ముందు అతిథి అధ్యాపకత్వము అను దశ కలదు. యు.జి.సి. 2019లో దానికి ఉపన్యాసమునకు 1,500 రూపాయలు, నెలకు 50,000కు మించకుండ నిర్ణయించినది. ఈ దశలో ఒక ఏడాది, రెండేండ్లు అనుభవము సంపాదించుట మంచిదే. “ఈ యేడు గాకున్న మరుసటి యేడు” అనుకొనుచు పదేండ్లు అందే గడపుట మాత్రము ప్రణాళిక అనిపించుకొనదు.

తెలుగు రాష్ట్రములకు వెలుపల మద్రాసు, మైసూరు, బెంగుళూరు, కాశీహిందూ విశ్వవిద్యాలయములందు తెలుగు అధ్యయనము నెలకొన్నది. అట్టి శాఖలు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. ప్రతిశాఖయందును స్థానములు కొన్నియే. ఒక ఆచార్యుడు విరమించినప్పుడే ఒక స్థానము ఖాళీయగును. అదియు వెంటనే నింపబడునను నిశ్చయము లేదు. దీనిని ఎరిగియే ముందడుగు వేయవలెను.

మరి రెండు చట్టవిషయములు రాష్ట్రేతరాంధ్రులు తెలిసికొనవలసినవి. రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వోద్యోగములలో రాజ్యాంగపు 371–డి అధికరణము ననుసరించి స్థానికాభ్యర్థులకు ప్రత్యేకనియమములు కలవు. వెలుపల చదివినవాడు సాధారణముగా స్థానికేతరుడు. అట్లే ఒక రాష్ట్రపు రిజర్వేషను జాబితాలోని కులము మరియొక రాష్ట్రమునకు తరలిపోయినచోట అదే ప్రయోజనమును పొందజాలదని 1990లో మర్రి చంద్రశేఖరరావుగారి వ్యాజ్యమున సర్వోన్నతన్యాయస్థానము తీర్పు చెప్పినది. ఉద్యోగప్రకటన చదువునప్పుడు మొదట ఈ రెండు నిబంధనలను చూచి, పిదప ఆశ పెంచుకొనవలెను.

3. డాక్టరేటునకు తరువాతి పరిశోధనము

పట్టము పొందిన పిమ్మట రెండు మూడేండ్లు వేతనముపై పరిశోధన సాగించుటను పోస్టుడాక్టరల్ పరిశోధనమందురు. భారతీయ సాంఘికశాస్త్ర పరిశోధనమండలి, సిమ్లాలోని ఉన్నతాధ్యయనసంస్థ వంటివి ఇందుకు అవకాశములు కల్పించుచున్నవి. కేంద్రప్రభుత్వపు శాస్త్రసాంకేతికశాఖ తన ప్రణాళికలలో పనిచేయు పరిశోధనసహచరులకు 2023 జనవరినుండి 58,000, 61,000, 67,000 రూపాయలని మూడంతస్తుల వేతనము నిర్ణయించినది.

ఇది ఉద్యోగము వలె కనిపించును గాని కాలపరిమితి గల యేర్పాటు. అందు ప్రవేశింపకముందే విద్యార్థి తన్ను తాను అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: “ఈ రెండేండ్ల చివర నా చేతిలో క్రొత్తగా ఏమి యుండును?” అచ్చయిన గ్రంథమో, పరిష్కరింపబడిన వ్రాతప్రతియో, క్రొత్తగా నేర్చిన భాషయో సమాధానముగా లభించినచో ఆ కాలము సద్వినియోగమగును. ఏ సమాధానమును లేనిచో అది నిరుద్యోగమును వాయిదావేయుట మాత్రమే.

4. వెలుపలి త్రోవలు

విశ్వవిద్యాలయమునకు వెలుపలి పనిని ఓడినవాని ఆశ్రయముగా భావించుట పొరపాటు. పైన పేర్కొన్న పెద్దలలో పలువురు అచ్చటనే పనిచేసిరి.

వ్రాతప్రతులు, గ్రంథాలయములు: తంజావూరు సరస్వతీమహలు, మద్రాసు ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారము, మైసూరు ప్రాచ్యవిద్యా సంశోధనాలయము, పుణె భండార్కర్ ప్రాచ్యవిద్యాసంస్థ మొదలగునవి రాష్ట్రేతరాంధ్రుల ఇంటి ముంగిటనే యున్నవి. బ్రౌనుదొర సేకరించిన తెలుగు ప్రతులు మద్రాసు భాండాగారమున నున్నవి. కౌటిల్యుని అర్థశాస్త్రమును మైసూరులో గుర్తించి 1909లో ప్రకటించిన రుద్రపట్నం శామశాస్త్రిగారు గ్రంథాలయోద్యోగియే. జాతీయ వ్రాతప్రతుల సంస్థ 2003లో ఏర్పడగా, 2025లో కేంద్రప్రభుత్వము జ్ఞానభారతమను నూతనోద్యమమును ప్రకటించినది. తాళపత్రలిపి చదువగలవారు లేనిదే ఈ పని సాగదు. గ్రంథాలయోద్యోగమునకు గ్రంథాలయశాస్త్రపట్టము వేరుగా కావలెనను సంగతి మాత్రము మరువరాదు.

శాసనములు: భారత పురావస్తుశాఖవారి శాసనవిభాగపు ప్రధానకార్యాలయము మైసూరులో నున్నది. కర్ణాటక, తమిళనాడులలోని దేవాలయములందు తెలుగు శాసనములు కానవచ్చుచున్నవి. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలమునుండి పుట్టినవి కావున రెండును చదువనేర్చిన బళ్లారి, కోలారు విద్యార్థికి పాతలిపి అభ్యాసము సులభమగును. ఈ పనికి సంస్కృతజ్ఞానము తోడ్పడును.

అనువాదము: కేంద్రసాహిత్య అకాడెమీ 1954లోను, నేషనల్ బుక్ ట్రస్టు 1957లోను నెలకొన్నవి. అకాడెమీవారి దక్షిణప్రాంత కార్యాలయము బెంగుళూరులో నున్నది. 1969లో మైసూరున స్థాపింపబడిన భారతీయ భాషాసంస్థ జాతీయానువాద కార్యక్రమమును నిర్వహించుచున్నది. ఇంగ్లీషునుండి తెలుగునకు అనువదించువారు చాలమంది కలరు. ఒడియానుండి, మరాఠినుండి, తమిళమునుండి, కన్నడమునుండి మధ్యవర్తిభాష లేకుండ నేరుగా తెలుగు చేయగలవారు కొలదిమందియే. బరంపురమునందలి విద్యార్థికి ఒడియా వీథిభాష. షోలాపురమునందలి విద్యార్థికి మరాఠి బడిభాష. ఇంటిలో భారముగా తోచిన ఆ బహుభాషాపరిచయమే ఇచ్చట ధనము. అనువాదప్రతిఫలము మాత్రము స్థిరమైన జీతము వంటిది కాదు గనుక మొదట వేరొక ఆదాయముతో కలిపి దీనిని సాధించుట వివేకము.

యానాము విద్యార్థికి ఫ్రెంచిభాష ఇట్టిదే. యానామునకు సంబంధించిన పాలనకాలపు పత్రములు ఫ్రెంచిలో నున్నవి. ఫ్రాన్సు దేశమున ఎక్సాన్ ప్రోవాన్సు నగరమందలి పత్రభాండాగారము వలసపాలన కాగితములను భద్రపరచుచున్నది. పుదుచ్చేరిలో 1955లో స్థాపింపబడిన ఫ్రెంచి పరిశోధనాసంస్థ దక్షిణభారతాధ్యయనమునకు ప్రసిద్ధము. తెలుగు, ఫ్రెంచి రెండును చదువగల చరిత్రపరిశోధకునకు చేతినిండ పని కలదు.

నిఘంటువులు, యంత్రభాష: బ్రౌను నిఘంటువు 1852లో వెలువడినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయపదములతో మాండలిక వృత్తిపదకోశమును ప్రారంభించిరి. నేడు ఆ పని కంప్యూటరుకు భాష నేర్పు పనిగా రూపుమార్చుకొన్నది. హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి.లోను, మద్రాసు ఐ.ఐ.టి.లోను భారతీయభాషలకు యంత్రానువాదము, వాక్కును గుర్తించు విధానము మున్నగువానిపై కృషి జరుగుచున్నది. 2022లో కేంద్రప్రభుత్వము భాషిణి అను కార్యక్రమమును ప్రారంభించినది. యంత్రము చేసిన అనువాదమును దిద్దుటకు, పదములకు వ్యాకరణగుర్తులు పెట్టుటకు, మాండలికములను ధ్వనిముద్రణ చేయుటకు వ్యాకరణజ్ఞులు కావలెను. హోసూరు తెలుగు, బరంపురము తెలుగు, షోలాపురము తెలుగు తమ ప్రత్యేకతతో ఆ ముద్రణలలో చేరనిచో యంత్రమునకు అవి తెలియవు. క్రమముగా అవి తెలుగే కావన్నట్లు యంత్రము వ్యవహరించును. ఈ పని కోరువారు కంప్యూటరున తెలుగు టైపు చేయుట, పట్టికలు కూర్చుట, వీలైనచో ప్రోగ్రాము వ్రాయుటలో మొదటి పాఠములు నేర్వవలెను.

పాఠశాల: అల్పసంఖ్యాకభాషల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో బోధించు సౌకర్యము కల్పించుటకు ప్రతిరాష్ట్రము ప్రయత్నింపవలెనని రాజ్యాంగపు 350–ఏ అధికరణము చెప్పుచున్నది. అధికరణము ఉన్నంతమాత్రమున తరగతి నడువదు. అర్హుడైన ఉపాధ్యాయుడు లేనిచో ఖాళీ అట్లే నిలిచి, కొన్నాళ్లకు ఆ విభాగము మూతపడును. ఉన్నతపాఠశాలలో బోధించుటకు డాక్టరేటు ఒక్కటి చాలదు, బి.ఎడ్. కావలెను, టెట్ అను ఉపాధ్యాయార్హతపరీక్షలో ఉత్తీర్ణత అడుగుదురు. రెండు కోర్సులను ఏకకాలమున చదువుటకు 2022లో యు.జి.సి. అనుమతించినను ఆ సౌకర్యము పిహెచ్.డి.కి వర్తింపదు. కావున ఉపాధ్యాయవృత్తిని రెండవ త్రోవగా నుంచుకొనదలచినవారు పరిశోధనకు ముందో వెనుకనో బి.ఎడ్. చదువుటను మొదటనే నిశ్చయించుకొనవలెను.

పరిపాలన: అఖిలభారత సివిల్ సర్వీసు పరీక్షలో తెలుగు సాహిత్యమును ఐచ్ఛికవిషయముగా తీసికొనవచ్చును. దానికి 250 మార్కుల పత్రములు రెండు. పరీక్షను తెలుగులోనే వ్రాయుటకు కూడ వీలున్నది. సామాన్యాభ్యర్థులకు 32 ఏండ్ల వయఃపరిమితి యుండుటచే దీనిని పరిశోధన ముగిసిన తరువాత తలచుకొన్నచో కాలము మించిపోవచ్చును.

5. ఏటేటి ప్రణాళిక

మొదటి యేడు: నెట్ పూర్తికానిచో పూర్తిచేయవలెను. పరిశోధనాంశమును ఎన్నుకొనునప్పుడే “ఈ అంశము నాకు ఏ పనితనము నేర్పును?” అని ఆలోచింపవలెను. ఎవరైనను గ్రంథాలయమున కూర్చుండి వ్రాయదగిన అంశముకంటె, తానున్న ప్రాంతమున మాత్రమే లభించు సామగ్రిపై ఆధారపడిన అంశము మేలు. తన ఊరి తెలుగువారి వృత్తిపదములు, దేవాలయశాసనములు, ఇండ్లలోని తాళపత్రములు, నేతగాండ్ర పాటలు అట్టివి.

రెండవ యేడు: ఒక క్రొత్త లిపినైనను, లేక ఇంట మాటలాడు రెండవభాష వ్రాతరూపమునైనను నేర్వవలెను. నోటివాడుక తెలిసియు చదువ, వ్రాయ రానివారు మనలో అనేకులు. ఆరునెలల శ్రద్ధతో తీరు లోపమిది.

మూడవ యేడు: బోధనానుభవము గడింపవలెను. పరిశోధకులకు వారమునకు నాలుగు మొదలు ఆరుగంటల వరకు బోధనసహాయము అప్పగింపవచ్చునని 2022 నియమావళియే చెప్పుచున్నది. దానిని భారముగాగాక శిక్షణగా స్వీకరింపవలెను. ఒక అనువాదమో, ఒక వ్యాసమో అచ్చువేయింపవలెను. వ్యాసప్రచురణ పట్టమునకు ముందు తప్పనిసరియను పాత నియమమును 2022లో తొలగించినను, ఉద్యోగమునకు ఎన్నికచేయువారు దానిని చూడక మానరు.

నాలుగవ యేడు: సిద్ధాంతవ్యాసము మొదటి ప్రతి ముగింపవలెను. విశ్వవిద్యాలయమునకు వెలుపల పనిచేయువారిని, అనగా అనువాదకులను, శాసనపరిశోధకులను, గ్రంథపాలకులను, కనీసము ముగ్గురిని కలిసికొని వారి దినచర్యను, ఆదాయమును, ప్రవేశమార్గమును అడిగి తెలిసికొనవలెను.

ఐదవ యేడు: రెండు విధములైన స్వవివరపత్రములు సిద్ధపరచుకొనవలెను. విశ్వవిద్యాలయమునకు పంపునది పరిశోధనాంశము, ప్రచురణలు, బోధనలతో మొదలగును. వెలుపలికి పంపునది పనితనములతో మొదలగును. ఉదాహరణమునకు తంజావూరు యక్షగానములపై పరిశోధించిన విద్యార్థి రెండవదానిలో ఇట్లు వ్రాయవచ్చును: తాళపత్రప్రతులను చదువగలడు, పాఠభేదములను గుర్తించి పట్టిక వేయగలడు, తమిళమునుండి తెలుగునకు అనువదింపగలడు, వివరణాత్మకసూచిని కంప్యూటరున కూర్పగలడు, ఐదేండ్ల పనిని ఒంటరిగా యోచించి ముగించినాడు. ఇందొక్కటియు అతిశయోక్తి కాదు. తాను చేసిన పనికి పేరు పెట్టుట మాత్రమే.

పట్టము చేతికి వచ్చిన పిదప స్థిరమైన అధ్యాపకపదవికై ఎంతకాలము ప్రయత్నింపవలెనో ముందే ఒక హద్దు పెట్టుకొనుట మంచిది. మూడేండ్లని ఒకరు, నాలుగేండ్లని మరియొకరు తమ కుటుంబస్థితిని బట్టి నిర్ణయించుకొనవచ్చును. హద్దు నిర్ణయించునది తానుగా నుండవలెను, అలసట కాదు. ఆ హద్దు దాటిన పిదప వేరు పనిలో ప్రవేశించినవాడు పరిశోధకుడు కాకపోడు. రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా నుండియు పరిశోధకులే.

6. మార్గదర్శకుల, సంఘముల విధులు

ఈ భారమంతయు విద్యార్థిపై మోపుట న్యాయము కాదు. మార్గదర్శకులైన ఆచార్యులు విద్యార్థిని చేర్చుకొనునప్పుడే శాఖలో స్థానములెన్ని, ఇంతకుముందు పట్టము పొందినవారు ఎచ్చట స్థిరపడిరి అను సంగతులను దాచక చెప్పవలెను. వెలుపలి పనిలో ప్రవేశించిన శిష్యుని గూర్చి “వృథాయైనాడు” అనుట మానవలెను. ఆ ఒక్కమాట విని ఎందరో విద్యార్థులు ఇష్టము లేకున్నను అతిథి అధ్యాపకత్వమునందే వ్రేలాడుచుందురు.

తెలుగు సంఘములు ఉగాది ఉత్సవములు, సన్మానములు శ్రద్ధతో జరుపుచున్నవి. అందలి ధనములో కొంతభాగముతో చేయదగిన పనులు మూడు కలవు. మొదటిది, ఐదవయేట వేతనము ఆగిన పరిశోధకునకు వ్యాసము ముగియువరకు కొన్నినెలలు సహాయము. పెద్దమొత్తము అక్కరలేదు, సమయమునకు అందుట ముఖ్యము. రెండవది, తమ ఊరి ఇండ్లలోని తాళపత్రములకు, పాత దస్తావేజులకు, నాటకప్రతులకు సూచి తయారుచేయు పనిని వేసవి సెలవులలో విద్యార్థులకు ఒప్పగించి ప్రతిఫలమిచ్చుట. ఇందుచే విద్యార్థికి అనుభవము, సంఘమునకు తన చరిత్ర ఏకకాలమున లభించును. మూడవది, ఏటికొకమారు వివిధవృత్తులలో నున్న తెలుగు పట్టభద్రులను పిలిపించి విద్యార్థులతో ముఖాముఖి మాటలాడించుట.

ఇంటి పెద్దలకును ఒక మాట. పరిశోధనకు పోవుచున్న కుమార్తెను గాని కుమారుని గాని “ఉద్యోగము వచ్చునా?” అని అడుగుటకంటె “ఈ యేడు ఏమి నేర్చితివి?” అని అడుగుట ఎక్కువ ప్రయోజనకరము. మొదటి ప్రశ్నకు సమాధానము విద్యార్థి చేతిలో లేదు, రెండవదానికి కలదు. ఆ సమాధానము ఏటేట పెరుగుచున్నచో మొదటి ప్రశ్నకు సమాధానము తానై సిద్ధమగుచున్నదని తెలియవచ్చును.

ఎల్లల కావలి తెలుగునకు నేడు కావలసినది ఉత్సాహముతోపాటు నిలుకడగల జీవనము పొందిన విద్వాంసులు. అట్టివాడొకడు ఒక ఊరిలో నిలిచినచో ఆ ఊరి బడిలో తెలుగుతరగతి నిలుచును; ఆ ఊరి శాసనము చదువబడును; ఆ ఊరి మాట నిఘంటువున చేరును. నిరాశచే ఒకడు చదువు మానినచో ఆ కుటుంబమున మరల తెలుగు చదువువాడు పుట్టుటకు ఒక తరము పట్టవచ్చును. కావున పరిశోధకుని జీవనప్రణాళిక అతని సొంతవిషయము మాత్రమే కాదు. అది సంఘమంతయు కలిసి యోచింపదగిన కార్యము.